రెండో తాళంచెవి

ఆ ఉదయం ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేక, పిండని తడిగుడ్డలా ఇళ్ళమీద వేలాడుతోంది. తల్లి ఆరేసిన బట్టలు తీసి లోపలికి తెచ్చింది. కురవదులే అన్నాడు కొడుకు. కురిస్తే నువ్వు ఉతుకుతావా అని ఆమె అడిగింది. ఆ ఇంట్లో పొద్దు అలాగే మొదలవుతుంది.

కొడుకుని పెద్దోడనీ, కూతుర్ని చిన్నదనీ పిలుస్తారు. ఇద్దరూ ఎదిగి సంపాదనపరులైనా ఆ పిలుపులు మారలేదు. ఫ్యాక్టరీలకు కరెంటు ప్యానెళ్ళు బిగించడం తండ్రి మొదలుపెట్టిన పని. ఆయన పోయాక అది రెండుగా చీలి పిల్లలకు వచ్చింది. మాట పెద్దోడిది, చెయ్యి చిన్నదానిది. ఓనర్లకు గడువు చెప్పేదీ, కోపంతో వచ్చినవాణ్ణి నవ్వించి పంపేదీ అన్న. రాగి పట్టీలు కలిపి, బోల్టులు కొలతపెట్టి బిగించి, బిగించిన ప్రతిదాని మీదా రంగు గీత గీసేది చెల్లెలు. గీత లేని బోల్టు ఆమె లెక్కలో బిగించని బోల్టే.

తల్లి చూసుకునేది తాళంచెవులు. బీరువాకి, బండికి, గేటుకి, ఎప్పుడో అమ్మేసిన సైకిలుకి కూడా రెండో చెవి ఆమె దగ్గర, వంటగది అలమరలో ఒక డబ్బాలో ఉంటుంది. తాళం పోతే కొనుక్కోవచ్చు, చెవి పోతే గుమ్మం బయట నిలబడాలి అంటుందామె. చిన్నది పనికోసం, కరెంటు ఆపిన చోట వేసుకోవడానికి, ఎర్ర తాళం కొన్నప్పుడు దానికీ రెండు చెవులొచ్చాయి. రెండోది విరగ్గొట్టి పారెయ్యమ్మా అని చిన్నది చెప్పింది. అలాగే అని తల్లి తలూపింది. నిక్షేపంలాంటి చెవిని ఎవరైనా పారేస్తారా అనుకుని డబ్బాలో వేసింది.

ఆ రోజు పని ఐసు ఫ్యాక్టరీలో. పాత ప్యానెల్ ముందురోజే పీకేశారు. కొత్తది నిలబెట్టారు. కరెంటు లేక మిషన్లు ఆగి, ఐసు కరుగుతోంది. మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తామని పెద్దోడు ఓనరుకి చెప్పి ఉన్నాడు. మాటిచ్చింది నువ్వు, బోల్టులనెవరూ అడగలేదు అంటూ చిన్నది బండెక్కింది. అన్న నవ్వాడు.

మధ్యాహ్నం పెద్దోడు ఒక్కడే వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా, చిన్నది వచ్చిందా అని అడిగాడు. రాలేదంది తల్లి. ఫోను ఎత్తడం లేదట. ప్యానెల్ తలుపులన్నీ మూసి ఉన్నాయట, గదిలో ఎవరూ లేరట. అవతల మీటరు గదిలో, ప్యానెల్‌కి కరెంటు వదిలే బ్రేకరుకి మాత్రం ఎర్ర తాళం వేలాడుతోందట. పని ముగించి, తాళం తియ్యడం మరిచి ఎక్కడో తిండికి కూర్చుందని అతని ఊహ. ఐసు నీళ్ళు గుమ్మం దాటి వాగు కడుతున్నాయి, ఓనరు నా నెత్తిన కూర్చున్నాడు అన్నాడు.

అతను అడగకముందే తల్లి అలమర తెరిచింది.

"ఇదిగో. ఇందుకే నేను ఏదీ పారెయ్యను" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు గర్వంగానే ఉంది.

పొద్దు వాలకముందే అన్నాచెల్లెళ్ళు ఒకే బండి మీద తిరిగొచ్చారు. రోజూ గేటు దగ్గరే మొదలయ్యే వాదన ఆ రోజు లేదు. చిన్నది చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఎర్ర తాళాన్ని బల్లమీద పెట్టింది. చెవి దానికే ఉంది.

"దీని చెవి నా జేబులో ఉంది. మరి ఇదెక్కడిది?"

పెద్దోడు తల్లివైపు చూడలేదు. అమ్మ పెరట్లో ఉంటే డబ్బాలోంచి నేనే తీసుకెళ్ళాను అన్నాడు. ఓనర్ల దగ్గర ఎన్ని అబద్ధాలైనా అతికినట్టు చెప్పేవాడే. ఇది మాత్రం అతకలేదు.

"నేనే ఇచ్చాను" అంది తల్లి. "అయితే ఏమైంది? మన తాళమేగా. ఇంట్లోవాడే తీశాడు, దొంగ తియ్యలేదుగా."

చిన్నది గొంతు పెంచలేదు. బోల్టు బిగించినంత నిదానంగా చెప్పుకొచ్చింది. ఆ సమయానికి ఆమె ప్యానెల్ వెనక ఉంది. వెనక రేకు విప్పి, పడుకుని, అడుగున ఉన్న రాగి పట్టీలు బిగిస్తోంది. అలాంటిచోట ఒంటిమీద ఏదీ ఉంచుకోదు కాబట్టి ఫోను బయట పెట్టెలో ఉంది. నీళ్ళు తోడే డీజిల్ ఇంజను మోతలో అన్న కేక వినబడలేదు. చేతిలోంచి ఒక వాషరు జారి సందులో పడింది. ఇంకోటి తెచ్చుకుందామని పాక్కుంటూ బయటికొచ్చి, సామాన్ల పెట్టె ఉన్న మీటరు గదికి వెళ్ళింది. అక్కడ అన్న ఒక చేతిలో ఎర్ర తాళం ఉంది. రెండో చెయ్యి బ్రేకరు పిడి మీద ఉంది.



"ఆ వాషరు జారకపోతే?" అంది తల్లి.

"జారింది కాబట్టే మాట్లాడుతున్నాను."

పెద్దోడు తప్పంతా నాదే అన్నాడు. ముందువైపు చూసి వచ్చేశాను, వెనక్కి వెళ్ళి చూడాల్సింది అన్నాడు.

"నువ్వు చెడ్డవాడివని కాదు అన్నయ్యా" అంది చిన్నది. "పరాయివాడి తాళమైతే ముట్టుకునేవాడివా? ఓనరు కాళ్ళు పట్టుకునైనా ఆగేవాడివి. నాది కాబట్టి తీశావు. మనది అనుకున్నావు. అమ్మా అంతే. ఆ తాళం మనది కాదు. దాని వెనక ఉన్న ఒళ్ళు నాది."

తర్వాత, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా, ఈ పని పూర్తిచేసి రేపట్నుంచి వేరే మేస్త్రీ దగ్గరికి పోతానంది. ఆయన ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు. "అక్కడ నేనెవరికీ చెల్లెల్ని కాను. నా తాళం జోలికి ఎవరూ రారు."

తల్లికి ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని మాత్రం అనిపించింది. బల్లమీది తాళాన్ని తీసి కూతురి చేతికిచ్చి, చెవిని పిడికిట్లో పెట్టుకుంది.

"నువ్వు పడుకున్న చోటు నాకు చూపించు" అంది.

ఫ్యాక్టరీకి ముగ్గురూ వెళ్ళారు. చిన్నది ముందు బ్రేకరుకి తాళం వేసింది. ప్యానెల్‌లో కరెంటు లేదని టెస్టరుతో చూసింది. ఆ టెస్టరు సరిగ్గా చెబుతోందో లేదో మీటరు గదిలోని మెయిన్ లైను మీద చూసి, మళ్ళీ వచ్చి ప్యానెల్‌ని చూసింది. అప్పుడు గాని తల్లిని వెనక్కి రానివ్వలేదు.

తల్లి వంగి, మోకాళ్ళ మీద లోపలికి వెళ్ళింది. గోడకీ ఇనుముకీ మధ్య మనిషి పట్టేంతే చోటు. ఎదురుగా రాగి పట్టీలు, కొన్ని బోల్టుల మీద గీతలు, కొన్నింటికి ఇంకా లేవు. అరచెయ్యి ఆనిస్తే రాగి చల్లగా తగిలింది. వెనక్కి తిరిగి చూసింది. తలుపు కనబడలేదు, మీటరు గది కనబడలేదు, కొడుకు కనబడలేదు. ఇంజను మోత ఒకటే వినబడుతోంది.

"ఇక్కణ్ణుంచి ఏమీ తెలియదే" అంది.

"తెలియదు. అందుకే తాళం."

తల్లి అక్కడే కూలబడింది. రాని ఏడుపు అప్పుడొచ్చింది. పక్కనున్న కూతురి పనిముట్ల సంచిలోంచి కటింగ్ ప్లేయరు తీసుకుని, చెవిని పట్టి వంచింది. అది ఒక పట్టున విరగలేదు. ముక్కు తుడుచుకుంటూ, అటూ ఇటూ వంచుతూ, విరిగేదాకా వదల్లేదు. చిన్నది సాయం చెయ్యబోలేదు.

బయటికొచ్చి చూస్తే పెద్దోడు లేడు. కాసేపటికి వీధి చివరి కొట్లోంచి కొత్త తాళంతో తిరిగొచ్చాడు. మిగతా బోల్టులు నేను లోపలికెళ్ళి బిగిస్తాను, నువ్వు బయటుండి చూడు అని చెల్లెలితో అన్నాడు. పాత అలవాటు కొద్దీ రెండో చెవి తల్లి చేతికివ్వబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి లాగేసుకుంది.

"నాకొద్దురా. ఇదిగో ప్లేయరు."

బ్రేకరు మీద ఎర్ర తాళం పక్కన కొత్త తాళం చేరింది. పెద్దోడు చొక్కా విప్పి, గడియారం తీసి, వెనక పడుకున్నాడు. చిన్నది కొలత చెబుతుంటే బిగించాడు, గీత గీశాడు. ఒకటి సరిగ్గా పడలేదని మళ్ళీ చేయించింది. చేశాడు. ఓనరు వచ్చి, ఇంకెంతసేపని ప్యానెల్‌నే అడిగినట్టు అడిగాడు.

"నాకు తెలీదండీ" అంది పెద్దోడి గొంతు లోపల్నుంచి. "మా చెల్లెలు చెప్పాలి."

అతని నోట ఆ మాట ఏ ఓనరూ అంతకుముందు వినలేదు. చిన్నది తల పక్కకు తిప్పుకుంది. చివరి గీత గీశాక, ఒక్కసారి టార్చిలైటు వేసి అన్నీ చూసుకుంది.

"రేపు నూనె మిల్లు పని. నీ తాళం మరిచిపోకు" అంది.

రానంటావేమో అనుకున్నాను అని అతను అనలేదు. మరిచిపోను అన్నాడు.

పరీక్షలు అయ్యాయి. వెనక రేకు మూశారు. మనుషులంతా బయటికొచ్చారని చిన్నది తన కళ్ళతో చూసుకుంది. ఎవరి తాళం వాళ్ళు తీసుకున్నారు. ఆమె పిడి ఎత్తింది. ప్యానెల్ సన్నగా గుర్రుమంది, లోపల ఎక్కడో మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి.

దీపాలు వెలిగే వేళకి ఇల్లు చేరారు. తల్లి పొయ్యి వెలిగించి ఉన్నదేదో వేడిచేసింది. ముగ్గురూ కూర్చున్నారు. ఎంత కడిగినా పోని రాగి మరకతో చిన్నదాని చెయ్యి కంచంలోకి దిగి, నోటిదాకా లేచి, మళ్ళీ దిగుతోంది. తల్లి దాన్నే చూస్తూ ముద్ద కలపడం మరిచిపోయింది. పెద్దోడు ఆమె కంచాన్ని కొంచెం ముందుకి జరిపాడు. ఆమె తినసాగింది.