ఇనప సప్పుడు లేని పిలుపు

మంచు అంటే మీరు తెల్లారగట్ల గడ్డి మీద మెరిసేదనుకునేరు. మా అనంతగిరి కొండల్లో పుష్యమాసం మంచు అలాగుండదండి. మద్దేన్నం అంబలి తాగి గిన్నె కడుక్కునేసరికి లోయలోంచి లేస్తాది. ముందు కింద పారే గెడ్డ కనబడ్డం మానేస్తాది. తరవాత పశువుల పాక. ఆ తరవాత మన సెయ్యి మనకే తెల్లగా, ఇంకెవరిదోలాగ అగుపిస్తాది. పొద్దుంటాది గానీ ఉన్నట్టుండదు.

మరి అలాంటప్పుడు అడివిలో అడ్డాకులకీ కట్టెలకీ ఎల్లినోళ్లు ఒకళ్లనొకళ్లు ఎలా పోల్చుకుంటారు? పేరెట్టి పిలిస్తే సాలదు. పిలిచినోళ్లు గొడ్డలి తిరగేసి రాతి మీద కొట్టాలి. టంగుమని ఇనప సప్పుడు ఇనిపిస్తేనే మనం పలకాలి. ఎందుకంటే మంచులో తిరిగేదానికి గొంతుంటాది, ఎవరి గొంతైనా ఉంటాది. ఇనుముని మాత్రం ముట్టుకోలేదు. ఉత్త గొంతుకి పలికితే మనల్ని తీసుకుపోతాది. మా దగ్గర పిల్లలకి మాటలొచ్చీ రాగానే నేర్పే సంగతి ఇది.

ఇప్పుడు నేను సెప్పేది మా అమ్మమ్మ నాకు సెప్పింది. ఆవిడ పేరు కనక. వందేళ్ల కిందటి మాట. ఆవిడ కొత్త పెళ్లికూతురు. దొరలు కొండ మీదికి రోడ్డేయిస్తన్నారు. ఊళ్లో ఆడా మగా అంతా వెట్టికెల్లి రాళ్లు కొట్టాలి. పని సేయించేవోడు వరహాలు మేస్త్రీ, మైదానం నుంచి వచ్చినోడు. సుత్తి ఎప్పుడూ సేతిలోనే. అన్నం తినేటప్పుడు ఒళ్లో ఎట్టుకునేవోడంట, పసిపిల్లని ఎట్టుకున్నట్టు.

ఆ రోజు నెలలు నిండిన గంగ రాయి ఎత్తలేక కూలబడిపోయింది. వరహాలొచ్చి తన్నేడు. కడుపు మీదే. అందరూ ఎవరి రాళ్లకేసి వాళ్లు సూస్తన్నారు. గంగ మొగుడు సోంబరు ఒక్కడే లేచి, "అది మనిషి బాబూ, రాయి కాదు" అన్నాడు. గట్టిగా కూడా అన్లేదు.

"నీకు నోరు కూడా ఉందేటిరా?" అని నవ్వేడు వరహాలు.

తన మనుషుల సేత సోంబరు సేతులు బండ మీద పట్టించేడు. ఏళ్లన్నీ ఒక్కోటీ సుత్తితో కొట్టేడు. ఎండిపోయిన సింతకాయలు తొక్కినట్టు సప్పుడొచ్చిందని ఒక్కసారే సెప్పింది అమ్మమ్మ, మళ్లీ అడగనివ్వలేదు. ఆ పూట ఆవిడ ఏదో అనబోతే మొగుడు భీముడు జబ్బ నొక్కి పట్టుకున్నాడు.

"ఈడ్ని కోత అవతల మద్దిసెట్టుకి కట్టేత్తన్నాను. ఎవుడిప్పినా ఆడి సేతులూ ఇంతే" అని అందర్నీ ఇళ్లకి తోలేసేడు మేస్త్రీ. కోతంటే రోడ్డుకోసం కొండని నరికిన సోటు.

ఇంటికొచ్చేరు. గంగని తమ ఇంట్లోనే సాప మీద పడుకోబెట్టి అమ్మమ్మ వేణ్నీళ్లు కాస్తంది. పచ్చికట్టెల పొగ, తడి గొంగళి వాసన, నెత్తురు వాసన. తలుపు సందుల్లోంచి మంచు లోపలికొస్తంది. ఊళ్లో కుక్క కూడా అరవట్లేదు.

"కనకా..."

సోంబరు గొంతు. కోత వేపు నుంచి.

గంగ కళ్లు తెరిసింది. ముగ్గురూ సెవులొగ్గేరు, ఇనప సప్పుడు కోసం.

రాలేదు.

"భీముడూ... గంగా..."

అలా ఊళ్లో వాళ్లందరి పేర్లూ పిలుస్తంది ఆ గొంతు. ఏ పేరు పిలిస్తే ఆ ఇంటి గడియ పడతంది.

"ఆడు సచ్చిపోనాడే," అన్నాడు భీముడు మెల్లగా. "అది ఆడు కాదు. ఇనుము నేదు, సూడు."

"ఏళ్లిరిగిపోతే గొడ్డలెలా పడతాడు మావా?"

భీముడు పొయ్యిలోకి కట్టె తోసేడు.

"నాను పలుకుతాను," అంది అమ్మమ్మ.

"పలికితే అదొట్టుకుపోద్దే."

"పొద్దున్న పలక్కుండా ఉన్నాం గదా. ఏటి మిగిలింది మనకి?"

గొడ్డలి తీసుకుని తలుపు తీసింది. గుమ్మంలో నిలబడి, "వత్తన్నానన్నా" అని ఊరంతా ఇనేటట్టు కేకేసింది. ఏ తలుపూ తెరుసుకోలేదు. భీముడు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయేడు.

ఆవిడ ఎక్కింది. కాలికింద కొత్తగా పగలగొట్టిన రాళ్లు. పక్కనే లోయ ఉందని గాలి తెలుస్తంది గానీ కనబడదు. పిలుపు దగ్గరికొస్తంది... ఇంకా దగ్గరికి... మద్దిసెట్టు మొదలు సేతికి తగిలింది.

పిలుపు ఆగిపోయింది.

తడిమి సూసింది. సోంబరు ఎచ్చగానే ఉన్నాడు. తల, మెడ... నోటికి అడ్డంగా తాడు. తాడు కింద గుడ్డ. గుడ్డ లాగితే దానెనకాల గుప్పెడు తడిమన్ను. అంతా ఏలితో తీసింది. దగ్గి, దగ్గి, ఊపిరి పీల్సేడు.

"పిలిసేవు గదన్నా, వచ్చేను."

"నాను పిలవనేదే." సోంబరు మిగిలిన మన్ను ఉమ్మేడు. "నోటినిండా మన్ను. ఎలా పిలుత్తాను... నానూ ఇన్నాను. నా గొంతే. నా నెత్తి మీద కొమ్మలోంచి పిలిసింది."

అమ్మమ్మ తలెత్తలేదు. గొడ్డలి అంచుతో తాడు కొయ్యడం మొదలెట్టింది. సగం తెగింది. అప్పుడు కింద, ఊరి వేపు నుంచి...

"మావా... రండి... సంపేత్తన్నాడు..."

అమ్మమ్మ గొంతు. ఆవిడ నోరు మూసే ఉంది.

ఆవిడకి అర్థమయ్యేలోగా ఎనకనుంచి ఓ సెయ్యి నోటిమీద పడింది. సుట్ట కంపు. గొడ్డలి జారిపోయింది. "సెప్పేను గదే గుంటా," అన్నాడు వరహాలు సెవిలో. మోకాలితో నడుం మీద తొక్కి, రెండో కాలితో ఆవిడ సెయ్యి బండకి అదిమేడు. సిటికెనేలు మీద సుత్తి పడింది.

కేక బైటికి రాలేదు. ఆడి అరసెయ్యి అడ్డం. కానీ అదే కేక, అదే ఊపిరితో, కిందనుంచి ఇనిపించింది. భీముడి గుమ్మం ముందు నుంచి.

అక్కడ భీముడు ఇన్నాడు. ఇనుము లేదు. ఉత్త గొంతు. పలక్కూడదు.

"వత్తన్నానే," అన్నాడు.

ఎదురింటి తలుపు తెరుసుకుంది. "నానూ వత్తన్నాన్రా," అంది ముసలి యర్రమ్మ. ఇంకో తలుపు. ఇంకోటి. టంగు... టంగు... గొడ్డళ్లు రాళ్ల మీద కొట్టుకుంటా కొండెక్కుతన్నారు. ఏ పక్క సూసినా ఇనప సప్పుడే. వరహాలు అమ్మమ్మనీ సుత్తినీ ఒగ్గేసి మంచులోకి పరిగెత్తేడు.

భీముడొచ్చి పెళ్లాం సేతికి తలగుడ్డ సుట్టేడు. మిగతావోళ్లు తాడు తెంపి సోంబరుని భుజాల మీదికెత్తుకున్నారు. నాలుగడుగులేసేరో లేదో, లోయలోంచి...

"కాపాడండ్రా... బాబూ... కాపాడండి..."

వరహాలు గొంతు. ఇనప సప్పుడు లేదు.

ఎవరూ కదల్లేదు. "పలకండి," అంది అమ్మమ్మ.

"ఆడికా?" అంది యర్రమ్మ. "నీ ఏలు సూసుకున్నావేటే?"

"సూసుకునే సెప్తన్నాను. ఆడికే."

తనే పలికి తనే ముందు దిగింది. గెడ్డ ఒడ్డున బండకి ఆనుకుని కూసున్నాడు వరహాలు. ఏళ్లన్నీ నుజ్జు. నోటినిండా తడిమన్ను, పెదాలు సాగిపోయేలాగ. భీముడు ముట్టుకుని సెయ్యి ఎనక్కి తీసేసుకున్నాడు. ఒళ్లు సల్లగా, కట్టెలాగ బిగుసుకుపోయి ఉంది, నిన్న సచ్చినోడి ఒళ్లులాగ. ఇప్పుడే గదా వాళ్ల కళ్ల ముందు పరిగెత్తేడు? సుత్తి మాత్రం పైన కోత దగ్గరే పడుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

గంగ బతికింది. బిడ్డ నిలవలేదు. సోంబరు మళ్లీ గొడ్డలి పట్టలేదు గానీ సానా కాలం ఉన్నాడు. అమ్మమ్మ వంకర సిటికెనేలుతోనే నాకు ముద్దలు కలిపి పెట్టేది. మా ఊళ్లో అప్పణ్నించీ ఉత్త గొంతు ఇనిపించినా పలుకుతారు. పలికి, గొడ్డళ్లు పట్టుకుని గుంపుగా ఎల్తారు. ఎల్లిన ప్రతిసారీ అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. కాలిరిగినోళ్లో, పాము కరిసినోళ్లో, నోరు పెగలనోళ్లో.

మొన్న సంత నుంచి వచ్చి అరుగు మీద కూసున్నాం. మంచు లేస్తంది. గెడ్డ వేపు నుంచి పిలుపు. ఇనుము లేదు. అందరూ "వత్తన్నాం" అన్నారు, నేనూ గొడ్డలి తీసుకుని కూడా నడిసేను. సగం దూరం ఎల్లేక పక్కనున్న మా ఎదురింటి రత్నాలు ఆగిపోయి నాకేసి సూసింది.

"అది నీ గొంతులాగుందేటి?" అంది.

కాదని సెప్పబోయేను. నాలిక మీద తడిమన్ను రుచి తగిలింది. ఈసారి గెడ్డ దగ్గర ఎవరూ లేరు. అప్పుడు అమ్మమ్మ గొంతూ ఆపద కన్నా ముందే పిలిసింది గదా. రుచి మాత్రం ఎంత పుక్కిలించినా పోవట్లేదు.