మామూలు క్రియలు

"రోహిణి ఎప్పుడొస్తున్నారు? ఆవిడ చేతి చేపల పులుసు మాకూ పెట్టిస్తారా?"

భోజనశాలలో రోసా ఆ మాట అడగ్గానే వకుళ చేతిలోని ముద్ద పళ్ళెంలోకి జారింది.

రోసాది ఫిలిప్పీన్స్, పనిలోకి కొత్తగా వచ్చింది. ఆమె తప్పేమీ లేదు. బంగాళాఖాతం మీద తేలే ఆ సాగరపురిలో ఎన్నో దేశాల వాళ్ళు పనిచేస్తారు. అందరి గొంతుకూ పలుకుపట్టీ ఉంటుంది. ఎవరి భాషలో వాళ్ళు అనుకుని పెదవులు కదిపితే చాలు, పట్టీ వాళ్ళ గొంతుతోనే ఇంగ్లీషు మాట్లాడేస్తుంది. ఇంగ్లీషు రానివాళ్ళకి ఎదుటివాళ్ళ మాటల్ని వాళ్ళ భాషలో చెవిలో వినిపిస్తుంది. ఇప్పుడే వకుళ భర్త కేదార్ పట్టీ అలాగే పలికింది. పులుసులో రోహిణి పచ్చిమామిడి వేస్తుందట. 'రోహిణి కుక్స్' అంది.

రోహిణి కేదార్ మొదటి భార్య. వకుళ అతని జీవితంలోకి రాకముందే చనిపోయింది.

కేదార్ తల వంచుకుని తింటూనే ఉన్నాడు.

కుక్స్! చివరన ఆ 'స్' వకుళ చెవిలో ముల్లులా దిగింది. బడిలో పుస్తకం పట్టి ఇంగ్లీషు నేర్చుకున్న చివరి తరం ఆమెది; కేదార్‌కి ఆ చదువు అబ్బలేదు. పోయిన మనిషి వండిందంటే 'కుక్డ్' అనాలి. యంత్రానికి ఆ మాత్రం తెలియదా?

మర్నాడు కేదార్ పట్టీని తీసుకుని మరమ్మతుల గదికి వెళ్ళింది. సత్యానందంగారు దాన్ని పరీక్షించి తల అడ్డంగా ఊపారు.

"పట్టీ బాగానే ఉందమ్మా. గో, ఈట్ లాంటి మొండి క్రియలుంటాయి చూడండి, వాటి రూపాలన్నీ ఇందులో ముందే దాచేశారు. కుక్, వాక్ లాంటి మామూలు క్రియలకి మాత్రం అప్పటికప్పుడు తోక తగిలిస్తుంది. ఏ తోకన్నది మాట్లాడే మనిషి మనసులో ఉన్న కాలాన్ని బట్టి ఉంటుంది."

"అంటే ఆయన మనసులో..."

సత్యానందంగారు కళ్ళద్దాలు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

ఆ రోజు నుంచి వకుళకు మనశ్శాంతి లేదు. ఇంట్లో తెలుగులో కేదార్ ఎప్పుడూ రోహిణి పేరు ఎత్తడు. అందుకే పోయిన మనిషితో పోటీ ఏమిటని ఇన్నాళ్ళూ తనకు తాను సర్దిచెప్పుకుంది. ఇప్పుడు భోజనశాలలో అతని పక్కన కూర్చుని తోకలు వింటోంది. రోహిణి లాఫ్స్. రోహిణి లైక్స్ ద రెయిన్. ఒకసారి 'వకుళ లైక్స్ కాఫీ' అని కూడా వచ్చింది. అదే తోక! ఒకే ఇంట్లో సవతితో కాపురం చేస్తున్నట్టుంది.

ఒక సాయంత్రం డెక్కు మీద కూర్చున్నప్పుడు ఆమె చెయ్యి చాచి అతని గొంతు మీది పట్టీ విప్పేసింది.

"ఏంటిది వకుళా?"

"మీకు ఇంగ్లీషు నేర్పుతాను. సొంత నోటితో మాట్లాడండి."

"నాకెందుకే ఇప్పుడు?"

"నాకు కావాలి. అనండి. వాక్, వాక్డ్."

కేదార్ నవ్వుతూ అన్నాడు. తేలిగ్గానే పట్టుబడింది. జరిగిపోయినదానికి చివర ఈడీ చేర్చాలి, అంతే. హెల్ప్, హెల్ప్డ్. వెయిట్, వెయిటెడ్. సముద్రం మీది వెలుగు ఇంకా పోలేదు.

"ఇప్పుడు రోహిణి పేరుతో చెప్పండి."

అతని నవ్వు ఆగిపోయింది.

"చెప్పండి. రోహిణి కుక్..."

"కుక్డ్," అన్నాడు మెల్లగా.

"లాఫ్?"

"రోహిణి లాఫ్డ్."

"డై కూడా మామూలు క్రియేనండీ," అంది వకుళ. తన గొంతులోని కాఠిన్యం తనకే వినబడింది. అయినా ఆగలేదు. "ఆఖర్న ఒక్క డీ పెడితే చాలు."

అతను గొంతు తడుముకున్నాడు. అక్కడ పట్టీ లేదు.

"రోహిణి... డైడ్."

అన్నాక మోకాళ్ళ మీదికి ఒంగి, పెద్దగా, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"తుఫానుకి పడవలు ఆపేశారు వకుళా. నేను ఒడ్డుకి చేరేసరికి అన్నీ అయిపోయాయి. నేనేం చూళ్ళేదు. నాకు స్నానం కూడా ఎవరూ చేయించలేదు. ఇక్కడికొచ్చాక పరామర్శించినవాళ్ళందరికీ పట్టీయే ఏదో చెప్పేసింది. నేననలేదు, నేనొక్కసారి కూడా అనలేదు."

తాను కోరుకున్న డీ ఆమెకు దక్కింది. దాని వెనకాలే, భార్య ఇప్పుడే పోయిన మగవాడొకడు ఆమె ముందు కూర్చుని ఉన్నాడు. అతను రోహిణి కోసం ఎంతగా ఏడుస్తున్నాడో చూస్తుంటే వకుళ కడుపు రగిలిపోయింది. తను పోతే ఇంతగా ఏడుస్తాడా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా మంట తగ్గలేదు.

చాలాసేపటికి లేచి అతని భుజం పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళింది. నీళ్ళు తోడి, "తల మీంచి పోసుకోండి," అంది. పొయ్యి వైపు వెళ్ళబోయి ఆగింది. చావు కబురు విన్న ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు.

గిన్నె పట్టుకుని వెళ్ళి రోసా తలుపు తట్టింది.

"మా ఇంట్లో ఒకరు పోయారు. ఈ పూట మేం వండకూడదు. ఆయనకి కాస్త అన్నం పెడతావా?"

రోసా ఆమె చెయ్యి పట్టుకుంది. "అయ్యో! ఎవరు?"

మా ఆయన మొదటి భార్య అనబోయింది వకుళ.

"మా అక్క," అంది.