మిగిలిన దూరం

పన్నెండు వేల కిలోమీటర్లు, పదిహేను గంటలు. టికెట్ కొన్నప్పుడు చెప్పిన లెక్క ఇదే. ముందు సీటు వీపుకున్న చిన్న తెరమీదా అదే. ఎదుటి వరసలో పసుపుపచ్చ ఊలు టోపీ పెట్టుకున్న చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నా పక్క సీటు ఖాళీ. కాళ్ళు చాపుకోవచ్చులే అని సంబరపడ్డాను.

అవతలి కొసన ఆసుపత్రిలో మా అక్క ఉంది. ఊపిరి యంత్రానిదే.

"నువ్వొచ్చి ఒక్కసారి చూసుకున్నాక మిషను తీసేద్దామంటున్నార్రా డాక్టర్లు," అన్నాడు బావ ఫోన్లో, ఆమె మంచం పక్కనే నిలబడి.

"సరే బావా, నేనొచ్చేదాకా ఆగండి," అన్నాను. అమ్మ పోయాక నన్ను సాకిన మనిషి. పోయేలోగా ఆ చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలి. నాకు కావలసింది అంతే.

పడమటికి ప్రయాణం. సూర్యుడి వెంటబడి పోతాం గనక పొద్దు త్వరగా గూకదు. కిటికీ తలుపులు దించేసి లోపల చీకటి చేశారు. అందరూ నిద్రపోయారు. పిల్ల కూడా ఊరుకుంది. తెరమీద ఇంకా ఆరువందల కిలోమీటర్లే. హమ్మయ్య అనుకుని ఓ కునుకు తీశాను.

స్పిరిట్ వాసనకి మెలకువ వచ్చింది. తెరమీద తొమ్మిదివందలు.

కళ్ళు నులుముకున్నాను. వెయ్యి... పదమూడు వందలు...

అటుగా వెళ్తున్న ఎయిర్‌హోస్టెస్‌ని ఆపాను. "దూరం పెరుగుతోందేంటండీ?"

ఆమె నవ్వింది. "ఇప్పుడేగా సర్ బయల్దేరాం. పడుకోండి."

అప్పుడు వినిపించింది, పక్క సీట్లోంచి. హుస్... టక్. హుస్... టక్. సీట్లో ఎవరూ లేరు. కానీ బెల్టు పెట్టి ఉంది. ఎవరి నడుముకో బిగించినట్టు, గాల్లో.

"అక్కా?"

"నాకు వినపడదనుకున్నారు మీరిద్దరూ." గుసగుస, చెవి పక్కనే. "నువ్వు దిగగానే తీసేస్తారటగా?"

"నీ బాధ చూడలేక అక్కా..."

"నాకు భయమేస్తోందిరా. రాకు."

"ఇంతమంది ఉన్నారే ఇందులో! వాళ్ళేం పాపం చేశారు? విమానాన్ని వదిలెయ్యవే... నీ కాళ్ళు పట్టుకుంటాను."

హుస్... టక్. చల్లని వేళ్ళు నా మణికట్టు చుట్టూ పడ్డాయి. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు సరిగ్గా అక్కడే పట్టుకునేది. గుంజుకున్నాను. రాలేదు.

రెండో చేత్తో కిటికీ తలుపు కొంచెం ఎత్తాను. కళ్ళు చెదిరే ఎండ. విమానం ఎక్కినప్పుడు ఎక్కడున్నాడో అక్కడే సూర్యుడు. తెరమీద పన్నెండు వేలు.

బెల్టులు పెట్టుకోమని మైకులో చెప్పారు. ఒక్కరూ విసుక్కోలేదు. అలవాటైన పనిలా అందరూ పెట్టుకున్నారు.

ఎదుటి వరసలో అలికిడైంది. సీటు మీదకెక్కి, దాని వీపు పట్టుకుని, నావైపు తొంగిచూసిందో పిల్ల. భుజాలు దాటిన జడలు. నెత్తిన సగమే పట్టిన పసుపుపచ్చ ఊలు టోపీ. ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి.

"అంకుల్," అంది, "ఇంకా ఎంత దూరం?"