ఐదో మాట

సరోజన సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, తువ్వాలు, పచ్చడి డబ్బా. అన్నీ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"అవ్వా, నేను దుబాయ్ పోయేది వచ్చే నెల. గిప్పటిసంది ఎందుకే?" అన్నాడు మనవడు నితిన్.

"నీకు కాదురా. మీ తాత భీవండి పోతున్నడు గద. ఆకలికి ఆగడు."

అమ్మానాన్న లేని నితిన్‌ను పెంచింది ఆమే. అతను వెళితే అవ్వను కోరుట్లలో మేనత్త ఊర్మిల చూసుకోవాలి. మతి మంచిగుందని డాక్టర్ రాసిస్తేనే ఉంచుకుంటానంది ఊర్మిల.

అందుకే సిరిసిల్ల నుంచి జగిత్యాల ఆస్పత్రికి వచ్చారు. బయట వాన. జ్ఞాపకశక్తి పరీక్ష చేసే అమ్మాయి పేరు నవ్య.

సరోజన కూర్చుంటూనే గడగడా చెప్పేసింది. "మల్లె, ఇనుము, రైలు, నీలం, ముక్కు."

నవ్య పెన్ను ఆగింది. "నేనింకా అడగనే లేదు, అవ్వా."

నితిన్ కిటికీలోంచి వానను చూడసాగాడు.

పోయిన నెల సిరిసిల్లలో పెట్టిన మతి పరీక్షల క్యాంపులో గుర్తుంచుకొమ్మని చెప్పింది ఆ ఐదు మాటలే. పరీక్షంటే పాస్ కావాలని గల్లీ అంతా బట్టీ పట్టింది. నితిన్ సాంచాల మీద బట్ట నేస్తూ, ఆ చప్పుడుకు తగ్గట్టు అవ్వతో వల్లె వేయించాడు.

"కాపీ కొట్టిపిచ్చిన్రా?"

"కాపీ ఎట్లయితది మేడమ్? ట్యూషన్ చెప్పిన."

"ట్యూషన్ చెప్తే మతి మంచిగైతదా?"

"సర్టిఫికెట్ మంచిగొస్తది గద."

నవ్య నవ్వు ఆపుకుని వేరే ఐదు మాటలు చెప్పింది. కాసేపటికి అడిగితే సరోజనకు ఒక్కటీ గుర్తు లేదు. గడియారం గీయమంటే అంకెలన్నీ ఒక పక్కకే పెట్టింది.

"ఇయ్యాల ఏ వారం, అవ్వా?"

"మేడమ్‌కు కోపమొచ్చే వారం," గొణిగాడు నితిన్.

"మిమ్మల్ని అడగలే. అవ్వా, నీకు తోచింది ఒక్క ముక్క చెప్పు. వాక్యం పూర్తిగ ఉండాలె."

సరోజన ఆలోచించింది. "సంచి సర్దిపిచ్చుకొని పోయినోళ్ళు మళ్ళ రారు, బిడ్డా."

నవ్య రాసుకుంది. "దీనికి మార్కు ఉంది," అంది మెల్లగా.

"మొత్తం మీద తక్కువొచ్చిందా?" అడిగాడు నితిన్.

"తక్కువే. డాక్టర్ మందులు రాస్తడు. తెలిసిన మనిషి పక్కన ఉండాలె."

అతను చాలాసేపు అవ్వ చేతుల వైపే చూశాడు.

"మీరు గూడ ఒక ముక్క చెప్పున్రి," అంది నవ్య.

"నేను పోతలేను."

"మార్కు పడ్డది. మళ్ళ ఆరు నెలలకు తీస్కరాన్రి."

"గన్ని రోజులకు నేను మీకు యాదికుంటనా?"

"నాకు ట్యూషన్ అక్కర్లేదు."

ఆరు నెలలు ఎక్కడ ఆగాడు? వారం తిరక్కుండానే ఒక్కడే వచ్చాడు. వానలో తడిసి, ఆస్పత్రి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"పరీక్ష ఎవలికి?" అంది నవ్య.

"నాకే. ఐదు మాటలు యాదున్నయి. నవ్య, వాన, చాయ్, సిరిసిల్ల బస్సు, పెండ్లి."

"ఐదోది మళ్ళ చెప్పున్రి. వినవడలే."

"పెండ్లి."

"మంచిగనే యాదున్నది," అని గొడుగు సగం అతని వైపు వంచింది.

ఊర్మిలే ముందుండి పెళ్ళి చేసింది. సరోజన సంచి సర్దడం మానలేదు. నవ్య వద్దనలేదు. పొద్దున పక్కన కూర్చుని తువ్వాలు మడతపెట్టి ఇచ్చేది, సాయంత్రం తీసి దండెం మీద వేసేది.

సరోజన భర్త భూమయ్య భీవండి బట్టల మిల్లుకు వెళ్ళింది పంతొమ్మిది వందల ఎనభై మూడులో, దసరా తెల్లారి. తిరిగి రాలేదు.