పంచనామాలో తండ్రి పేరు

పోతిరెడ్డిపల్లిలో ఆ పొద్దున కుక్కర్ మూడు కూతలు కూసేసరికే జైపాల్ ఇంట్లో గొడవ మొదలైంది. తల్లి మొగులమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంది. మీగడ కట్టినా తాగలేదు.

“ఒక్క మాటనే గదనే అమ్మా! గిర్దావర్ సారు అడిగితే, నాకు ఒక్కడే కొడుకు, ఇంకెవ్వరు లేరని చెప్పు. అంతే.”

“మీ అక్క ప్రేమలత ఉన్నది గదరా! ఇరవై ఏండ్ల సంది దున్నుతున్నది అదే.”

“మొగడు ఎల్లగొడితే వచ్చి పొలం మీద పడ్డది. ఆమె పేరు గూడ ఎక్కితే భాగం పోతది. చెప్పనంటవా, పోయి ఆమె గుడిసెలనే ఉండు. నీ షుగర్ గోలీలు గూడ ఆమెనే తెస్తది!”

ఆ గోలీల మాటకే మొగులమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి కొడుకు బండెక్కింది. కూతురింట్లో పూట గడవడమే కష్టమని ఆమెకు తెలుసు మరి.

కాజీపల్లి పక్కనున్న ఆ నాలుగెకరాలు ఒకప్పుడు దొరవి. మొగులమ్మ భర్త పెద్దరాములు రక్షిత కౌలుదారుగా వాటిని దున్నాడు. విచారణల చుట్టూ తిరిగి తిరిగి, చట్టం ప్రకారం సర్టిఫికెట్ తెచ్చుకుని సొంతం చేసుకున్నాడు. ఆయన పోయాక కూడా భూమి ఆయన పేరు మీదే ఉండిపోయింది. మందుల ఫ్యాక్టరీల వాసనకు ముక్కు మూసుకోవాల్సిన ఆ చోట ఇప్పుడు భూములు కొనేవాళ్ళ పెద్ద పెద్ద కార్లు వచ్చి ఆగుతున్నాయి. అందుకే భూమిని వారసుల పేరు మీదికి మార్చే ఈ విరాసత్ కోసం జైపాల్‌కు తొందర. వారసుల పేర్లు రాసుకోవడానికి రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావర్ సూర్యారావు ఆ రోజే పొలానికి వచ్చాడు.

“పిల్లలెంతమందమ్మా?” అని అడిగాడు.

“ఒక్కడే సారూ. వీడే.”

“మరి ఆ చొప్ప కోస్తున్నావిడ ఎవరు?”

ప్రేమలత కొడవలి ఆగింది. మొగులమ్మ తల ఎత్తలేదు.

“కూలికొచ్చింది సారూ.”

పక్క పొలం బాలరాజ్ అన్నీ తెలిసినవాడే. అయినా పంచనామా కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టి, తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. రెండో సాక్షికి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు.

“ఆవిడ చేత పెట్టించండి, నేనింకో ఊరు వెళ్ళాలి,” అని సూర్యారావు విసుక్కున్నాడు.

“ఆమెకు రాయరాదు సార్,” అన్నాడు జైపాల్ గబుక్కున.

“వస్తది సార్.” ప్రేమలత చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “ఏడో తరగతి దాక మా నాయిన చదివిచ్చిండు.”

సాక్షి పేరు పక్కన తండ్రి పేరు కూడా రాయాలి. ఆమె ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. సూర్యారావు పైకి చదివాడు. “ప్రేమలత, తండ్రి పెద్దరాములు. చనిపోయినాయన పేరు కూడా ఇదే కదా?”

“ఊర్లె ఇద్దరు పెద్దరాములున్నరు సార్!” జైపాల్ నవ్వబోయాడు.

ప్రేమలత తల్లి వైపు తిరిగింది. “చెప్పవే, ఇద్దరున్నరా? నాడు విచారణల కాడ దొర, నాయినను సూపెట్టి, వీడు కౌలుదారు కాదు, కూలోడు అన్నడు. ఇంటికొచ్చి రెండు దినాలు అన్నం ముట్టలేదని నువ్వే సెప్పినవు. ఇయ్యాల నువ్వు నన్ను గదే అన్నవు!”

మొగులమ్మ గట్టు మీద కూలబడింది.

“ఒక్కడే సారూ… నా మొగడు ఒక్కడే పెద్దరాములు. ఇది నా పెద్ద బిడ్డ. పొలం చేసేది ఇదే. నేను అబద్దం ఆడిన. ముందుగాల దీని పేరు రాయుండ్రి.”

“అయితే ఇగ నా గడప తొక్కకు!” జైపాల్ బండి తీసుకుని, తల్లిని అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

సూర్యారావు రాసిన కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, కొత్త కాగితం తీసి మొగులమ్మ పేరుతో పాటు పిల్లలిద్దరి పేర్లూ రాసుకున్నాడు.

ఆయన వెళ్ళాక మొగులమ్మ చెయ్యిని కూతురి భుజం మీద వేయబోయింది.

“ముట్టకు!” ప్రేమలత దూరం జరిగింది. “జెర సేపు గాడనే కూసో అమ్మా. ముందు నన్ను ఏడ్వనియ్యి. గటెన్క ఇంటికి పోదం.”

మొగులమ్మ చెయ్యి దించుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, బిడ్డ ఏడుపు అయ్యేదాకా అక్కడే కూర్చుంది.