కుడికి తిరిగిన వెలుతురు

"కుడి మందు..." అంది ఏజెంట్ వీరదుర్గ, తాడేపల్లిగూడెం స్టేషన్ బయట, ఒంట్లో రెండు తూటాలతో. అంతే, ప్రాణం పోయింది.

ఆ సాయంత్రమే ఏలూరులో చీఫ్ హనుమంతరావు ఏజెంట్ ఫణికిరణ్‌ని పిలిచాడు.

"వట్లూరు దగ్గర ఒక క్లినిక్‌లో డ్రగ్ ట్రయల్. నిద్ర రానివ్వని మందు. దానికి రెండు రూపాలు, కుడీ ఎడమా. మనిషీ అద్దంలో బొమ్మా అనుకో. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల మీద ఎడమదే వాడతామని పర్మిషన్ తీసుకున్నారు. అదే డోసులో కుడిది ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఎంతసేపటికి ఆగుతుందో ఓ విదేశీ ముఠాకి తెలియాలిట."

"రెండూ గుర్తుపట్టడం ఎలాగండి?"

"కంటికి ఒకేలా ఉంటాయి. కాని ఎడమది వెలుతురుని ఎడమకి తిప్పుతుంది, కుడిది కుడికి. ఈ పోలరాయిడ్ కళ్లజోడు, నీ ఫోన్ స్క్రీన్ చాలు. స్క్రీన్ ముందు సీసా పెట్టి చూడు, తల ఎటు వంచితే సీసా నల్లబడుతుందో అది ఆ వైపు మందు. లోపల డాక్టర్ ఇందుజ ఉంది. ముఠాలో మనం పెట్టిన మనిషి. కొల్లేట్లో నీళ్లెలా ఉన్నాయని అడుగు. అదే కోడ్."

మర్నాడు ఫణికిరణ్ కలిదిండి చేపల చెరువు కాపలాదారు వేషంలో వాలంటీరుగా చేరాడు. పక్క మంచం మీద హఫీజ్. ఆకివీడులో చేపల లారీలకి లోడింగ్ చేస్తాడు.

"మా రజియాకి నెలలు నిండాయండి. ఇక నిద్రుండదు కదా, ముందే అలవాటు చేసుకుందామని," అని నవ్వాడు.

ముత్యాల కమ్మలు, ఘాటైన సెంటు, చేతిలో ట్రే. ఇందుజ వచ్చింది.

"లోపల కూడా నల్ల కళ్లజోడేంటండీ?"

"చెరువు గట్టు అలవాటండి. కొల్లేట్లో నీళ్లెలా ఉన్నాయండి?"

"తేటగా ఉన్నాయి." గొంతు తగ్గించింది. "భయం లేదు. ఇది ఎడమదే."

సిరంజి నింపి హఫీజ్ వైపు తిరిగింది. ఫణికిరణ్ ట్రేలోని సీసా తీసి ఫోన్ ముందు పెట్టాడు. కళ్లజోడులోంచి స్క్రీన్ నల్లబడేదాకా ఫోన్ తిప్పాడు. సీసా మాత్రం మెరుస్తోంది. తల ఎడమకి వంచాడు. ఇంకా మెరిసింది.

కుడికి వంచాడు. సీసా చీకటైపోయింది.

కుడిది!

సూది అప్పటికే హఫీజ్ చర్మాన్ని తాకింది. ఫణికిరణ్ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. సిరంజి నేల మీద పగిలింది. ఆమె రెండో చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"దయచేసి కూర్చోండి. వీరదుర్గగారు కూడా ఇలాగే తొందరపడ్డారండీ."

చేపల పెట్టెలెత్తే చేతులు హఫీజ్‌వి. సెలైన్ స్టాండు ఎత్తి ఒక్కటిచ్చాడు. తూటా గోడలో దిగింది.

"నిన్ను మా మనిషి అనుకున్నాం," అన్నాడు ఫణికిరణ్, బేడీలు వేస్తూ.

"వాళ్లూ నన్ను తమ మనిషే అనుకున్నారండీ. వాళ్లు పొరపాటు పడలేదు."

రెండు మందుల సంగతి ఫణికిరణ్ చెప్పగా విని, హఫీజ్ చేతి మీద రక్తపు చుక్క తుడుచుకున్నాడు.

"ఏవండీ, ఆ ఎడమది ఎక్కడైనా దొరికితే రెండు చుక్కలు దాచిపెట్టండి. రాత్రంతా బిడ్డ, తెల్లారితే లోడింగ్!"