వెల్లుల్లికి సున్నా వేసిన ముక్కు

ఆమెను అందరూ ముక్కుపిల్ల అనేవాళ్లు. పక్కవీధిలో పాలు విరిగితే ఇక్కడ తుమ్మేది. నమ్మకపోతే మీ ఇష్టం, ఆ ముక్కుకి ఒక మౌత్‌వాష్ కంపెనీ జీతం కూడా ఇచ్చేది. నడుమ చిల్లున్న చెక్క వెనక కూర్చుని, అవతలివాళ్లు ఊదిన గాలిని వాసన చూసి మార్కులు వెయ్యడం ఆమె ఉద్యోగం. కంపు లేకపోతే సున్నా, భరించలేకపోతే ఐదు.

ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, సముద్రపు నాచులోంచి నోటి కంపుని పీల్చేసే సరుకు తీస్తున్నాడు. మొదటిరోజు ముక్కుపిల్లకు నమస్కారం పెట్టి ఇంకా చేతులు దించలేదు.

“ఉల్లిపాయ. నిన్నటిది కూడా ఉంది,” అంది.

అప్పట్నించీ అతను ఆమెతో గుమ్మం అవతల నుంచే మాట్లాడాడు. తలుపుచాటు మనుషులకు జవాబివ్వనని ఆమె కబురు పంపింది. దాంతో దగ్గరికొచ్చి పోట్లాడుకున్నారు. కొన్నాళ్లకి పోట్లాట మానేశారుగానీ దగ్గరికి రావడం మానలేదు.

నాచుకి పరీక్ష పెట్టారు. అందరూ పచ్చి వెల్లుల్లి నమిలి, ఒక్కరు మాత్రం ఉత్తనీళ్లు, మిగతావాళ్లు నాచునీళ్లు పుక్కిలించాలి. ఎవరు ఏ నీళ్లు పుక్కిలించారో ఆమెకు చెప్పరు. ఒక మనిషి తక్కువై కుర్రాడే కూర్చున్నాడు. అతనికి ఉత్తనీళ్లు వచ్చాయి. అతను ఊదగానే గోడమీది బల్లి పక్కగదికి మకాం మార్చింది.

ముక్కుపిల్ల సున్నా వేసింది.

కంపెనీ పెద్దాయన మార్కులు చూశాడు. ఉత్తనీళ్లకే కంపు పోతుంటే నాచు దండగన్నాడు. పని ఆపేసి, కుర్రాణ్ణి వేరే ఊళ్లోని ఫినాయిల్ ఫ్యాక్టరీకి వెళ్లమన్నాడు.

అబద్ధపు మార్కు వేసిన ముక్కుని ఆ కంపెనీ ఉంచుకోదని ఆమెకు తెలుసు. అయినా లేచింది.

“ఆ సున్నా తప్పు సార్. ఐదు.”

“మరి సున్నా ఎందుకేశావమ్మా?”

“ఊదింది ఎవరో తెలిసిపోయింది. ఐదు వెయ్యడానికి చెయ్యి రాలేదు.”

పెద్దాయన పెళ్లయినవాడు, మరేమీ అడగలేదు. కుర్రాడిచేత మళ్లీ వెల్లుల్లి నమిలించి, చెక్క వెనక తనే కూర్చున్నాడు. కాసేపటికి గోడ పట్టుకుంటూ బయటికి నడిచాడు.

“ఐదే. నాచు పని సాగనివ్వండి. నీ ఉద్యోగం నీదే అమ్మాయ్, ఈ నోటికి మాత్రం ఇక నువ్వు మార్కులు వెయ్యకు.”

గదిలో ఇద్దరే మిగిలారు. అంత కంపులో ఎలా కూర్చున్నారని కుర్రాడు గోడవైపు తిరిగి అడిగాడు.

“ముక్కు లేవమంది. నేనే లేవలేదు.”

అతను ఇటు తిరిగి ఏదో చెప్పబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె ఆ చెయ్యి తీసేసింది.